ఫుట్‌పాత్ మీద బతుకుతున్న నల్లజాతి మనుషుల గురించి డాక్యుమెంటరీ తీయాలంటే: లాస్ ఏంజెలెస్ స్కిడ్ రో కోసం పూర్తి గైడ్

ఇక్కడ అమెరికాలో ఫిల్మ్ కోర్సులు చదువుతున్న మన తెలుగు పిల్లలు అప్పుడప్పుడు మెసేజ్ పెట్టి అడుగుతుంటారు, అన్నా స్కిడ్ రో మీద డాక్యుమెంటరీ చేద్దామనుకుంటున్నాం ఎక్కడ మొదలుపెట్టాలి అని. స్కిడ్ రో అంటే లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లో ఇల్లు లేనివాళ్ళు ఎక్కువగా బతికే పేట. అడిగినందుకే నాకు సంతోషం, ఎందుకంటే అడక్కుండా తీసేసేవాళ్ళే ఎక్కువ. కారు అద్దం సగం దించి, ఫోన్ బయటికి పెట్టి, టెంట్ల పక్కనుంచి మెల్లగా పోనిస్తూ "చూడండి ఫ్రెండ్స్ ఇదీ అమెరికా అసలు రూపం" అని వాయిస్ ఓవర్ వేసే వీడియోలు ఇంగ్లీషులోనూ ఉన్నాయి, హిందీలోనూ ఉన్నాయి, మన తెలుగులోనూ ఉన్నాయి. వాటిల్లో పళ్ళు తోముకుంటున్న మనిషి, నిద్రపోతున్న మనిషి, మత్తులో నడుము దగ్గర్నుంచి వంగిపోయిన మనిషి, వీళ్ళెవర్నీ ఎవరూ ఏమీ అడగలేదు. ఎక్కువమంది నల్లవాళ్ళే. వాళ్ళ అమ్మో, కూతురో, పాత స్కూల్ ఫ్రెండో ఎక్కడో కూర్చుని అది చూసే అవకాశం ఉందని తీసినవాళ్ళకి తట్టనే తట్టదు.

నేను లాస్ ఏంజెలెస్‌లో చిన్న చిన్న డాక్యుమెంటరీలకి కెమెరా, ఎడిటింగ్ చేస్తుంటాను. ఈ గైడ్ అంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది, తెర మీద కనబడే మనిషికి "వద్దు" అనగలిగే శక్తి మొదటిరోజు నుంచి సినిమా బయటికెళ్ళిన తర్వాత దాకా ఉండాలి, ఆ శక్తిని వాళ్ళు నిజంగా వాడుకోగలిగేలా మనం పని నడపాలి. మిగతా లెన్సులు లైట్లు అన్నీ దాని తర్వాతే.

మొదటి పని: కెమెరా ముట్టుకోకముందు చరిత్ర చదవడం

స్కిడ్ రో అంటే డౌన్‌టౌన్‌లో దాదాపు 50 బ్లాకుల జాగా, మెయిన్ స్ట్రీట్ నుంచి అలమీడా దాకా, థర్డ్ నుంచి సెవెంత్ స్ట్రీట్ దాకా అనుకోండి. లాస్ ఏంజెలెస్ కౌంటీ జనాభాలో నల్లవాళ్ళు 100కి 9 మంది, కానీ ఇల్లు లేనివాళ్ళలో 100కి 40 మంది. ఇది నేను చెప్తున్న లెక్క కాదు, అక్కడి హోమ్‌లెస్ సర్వీసెస్ అథారిటీ వేసిన ప్రత్యేక కమిటీ 2018 డిసెంబర్‌లో ఇచ్చిన రిపోర్టులోది. దేశం మొత్తం చూసినా అంతే తేడా, 2024 జనవరి లెక్కలో ఇల్లు లేనివాళ్ళు 7,71,480 మంది తేలితే అందులో దాదాపు మూడో వంతు నల్లవాళ్ళు, జనాభాలో చూస్తే వాళ్ళు 100కి 13 లోపే.

ఈ తేడా ఎందుకొచ్చిందో తెలీకుండా షూటింగ్‌కి వెళ్తే మీ సినిమా తెలీకుండానే "వీళ్ళు ఏం తప్పు చేశారు" అనే ప్రశ్న వైపు జారిపోతుంది. 1940ల్లో యుద్ధం పనుల కోసం, షిప్‌యార్డుల్లో విమాన ఫ్యాక్టరీల్లో ఉద్యోగాల కోసం లూసియానా, టెక్సస్ నుంచి వేలాది నల్లజాతి కుటుంబాలు లాస్ ఏంజెలెస్‌కి వచ్చాయి. ఊర్లో చాలా ఏరియాల్లో ఇళ్ళ దస్తావేజుల్లోనే "తెల్లవాళ్ళకి తప్ప ఎవరికీ అమ్మకూడదు" అని రాసుండేది, అలాంటి షరతుల్ని కోర్టులు అమలుచేయకూడదని సుప్రీంకోర్టు 1948లో గానీ చెప్పలేదు. 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ తెల్లవాళ్ళ ఇళ్ళ లోన్లకి గ్యారంటీ ఇస్తూ నల్లవాళ్ళున్న పేటల్ని పక్కన పెట్టేసింది, అప్పటి మ్యాపుల్లో ఆ పేటలకి ఎర్ర రంగు. 1963లో కాలిఫోర్నియా ఇళ్ళ విషయంలో వివక్ష ఆపే చట్టం తెస్తే 1964లో ఓటర్లు ప్రపోజిషన్ 14 పేరుతో దాన్ని కొట్టేశారు, మళ్ళీ దాన్ని 1967లో సుప్రీంకోర్టు చెల్లదంది, దేశం మొత్తానికి చట్టం 1968లో వచ్చింది. అంటే తాతల కాలంలో ఇల్లు కొనుక్కుని పిల్లలకి ఇచ్చే దారే మూసేశారు. ఆ తర్వాత ఉద్యోగాలు, పక్కనే ఉన్న సౌత్ గేట్ ఊళ్ళో ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ 1980లో, జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ 1982లో మూతపడ్డాయి. ఆ వెనకే డ్రగ్స్, ఆ పేరుతో జైళ్ళు, జైలు రికార్డున్న మనిషికి అద్దెకి ఇల్లు ఎవరిస్తారు. ఇంకోపక్క సిటీ 1976లో ఒక ప్లాన్ ఒప్పుకుంది, షెల్టర్లు, ఉచిత భోజనాలు, చవక హోటల్ గదులు అన్నీ స్కిడ్ రోలోనే కుదించి ఉంచాలని. ఈరోజు మీకు అక్కడ కనబడే జనం ఆ నిర్ణయాల ఫలితం.

ఇదంతా సినిమాలో క్లాసు పీకినట్టు పెట్టమని చెప్పట్లేదు, కానీ మీరు ఏ షాట్ తీస్తున్నారో ఏ ప్రశ్న అడుగుతున్నారో అన్నీ దీన్నిబట్టే మారతాయి. అరవయ్యేళ్ళ పెద్దాయన "మా నాన్న ఫైర్‌స్టోన్‌లో చేసేవాడు" అంటే ఆ ఒక్క మాటలో ఎంత చరిత్ర ఉందో మీకు అప్పటికప్పుడు తెలియాలి, తెలిస్తేనే తర్వాతి ప్రశ్న సరిగ్గా వస్తుంది.

ఇంకో మాట మనలో మనం చెప్పుకోవాలి. నలుపు గురించి మన ఇళ్ళల్లో పెళ్ళిసంబంధాల దగ్గర్నుంచి ఫెయిర్‌నెస్ క్రీముల దాకా ఏం మాట్లాడతామో మనకి తెలుసు, అమెరికా వచ్చాక "అది బ్లాక్ ఏరియా, అటు పోకు" అని సీనియర్లు చెప్పడమూ తెలుసు. ఆ భయం మోసుకుంటూ కెమెరా పట్టుకుంటే అది ఫ్రేములో పడుతుంది, దాచలేరు.

రెండోది: టీమ్ ఎవరు

టీమంతా బయటివాళ్ళే అయితే మొదలుపెట్టకండి. ప్రొడ్యూసరో, ఎడిటరో, కో-డైరెక్టరో, నిర్ణయాలు తీసుకునే కుర్చీలో కనీసం ఒక నల్లజాతి మనిషి ఉండాలి, "సలహాదారు" అని చివర్లో పేరు వేసి వదిలెయ్యడం చాలదు. ఇంకా మంచిది ఏంటంటే ఫుట్‌పాత్ మీద బతికిన అనుభవం ఉన్నవాళ్ళని జీతానికి పెట్టుకోవడం. స్కిడ్ రోలో ఆర్టిస్టులు, పొయెట్స్, డ్రమ్మర్లు, ఆర్గనైజర్లు బోలెడంతమంది ఉన్నారు. లాస్ ఏంజెలెస్ పావర్టీ డిపార్ట్‌మెంట్ అనే నాటక బృందం 1985 నుంచి అక్కడే అక్కడివాళ్ళతోనే నాటకాలు వేస్తోంది, వాళ్ళే స్కిడ్ రో హిస్టరీ మ్యూజియం అని ఒక చోటు నడుపుతున్నారు. లాస్ ఏంజెలెస్ కమ్యూనిటీ యాక్షన్ నెట్‌వర్క్ అని అక్కడి జనం హక్కుల కోసం పనిచేసే సంస్థ ఉంది. ముందు వాళ్ళు చేసిన పని చూడండి, ఈవెంట్లకి వెళ్ళి ప్రేక్షకుల్లో కూర్చోండి.

టీమ్ చిన్నగా ఉండాలి, ఇద్దరు లేదా ముగ్గురు. ఫుట్‌పాత్ మీద ఆరుగురు నిలబడితే అది ఎవరో ఒకరి ఇంటి ముందు గుంపు.

మూడోది: కెమెరా లేకుండా వెళ్ళడం

వారాలు పడుతుంది, తప్పదు. భోజనాలు పెట్టే చోట వాలంటీర్‌గా చేరండి, పార్కులో చెస్ ఆడేవాళ్ళ దగ్గర కూర్చోండి, ఒకే రోజు ఒకే టైంకి వెళ్ళండి అప్పుడు మీరు మళ్ళీ వస్తారని వాళ్ళకి అర్థమవుతుంది. అక్కడ సినిమావాళ్ళు, స్టూడెంట్లు, చర్చివాళ్ళు వచ్చి ఒక్కరోజు ఉండి వెళ్ళిపోవడం అందరికీ అలవాటే, మీరూ ఆ లెక్కలోనే మొదలవుతారు, దానికి బాధపడకండి. నేను సినిమా తీయడానికి వచ్చాను అని మొదటి రోజే చెప్పెయ్యండి. స్నేహం చేసి తర్వాత కెమెరా తీయడం మోసం.

పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకండి. మిస్ డొరొతీ, మిస్టర్ జేమ్స్ అన్నట్టు ముందు మిస్, మిస్టర్ పెట్టి పిలవండి, వాళ్ళే "ఊరికే పేరు పెట్టి పిలువు" అనేదాకా. అమెరికాలో నల్లజాతి పెద్దవాళ్ళని తెల్లవాళ్ళు కావాలనే ఉత్త పేరుతోనో, "బాయ్" అనో పిలిచి తక్కువ చేసిన చరిత్ర ఉంది కాబట్టి ఇది చిన్న విషయంలా కనబడినా చిన్నది కాదు. టెంట్ దగ్గరికెళ్ళినప్పుడు దూరంగా ఆగి పిలవండి, గుడ్డ పట్టుకుని కదపకండి, అది వాళ్ళ తలుపు.

నాలుగోది: ఒప్పుకోవడం అనే పెద్ద పని

ఎక్కువమంది దీన్ని ఒక సంతకం అనుకుంటారు. రిలీజ్ ఫామ్ (నన్ను తీసింది వాడుకోవచ్చు అని రాసిచ్చే కాగితం) మీద సంతకం మీ లాయర్ కోసం, మీకూ ఆ మనిషికీ మధ్య ఒప్పందం వేరే. నేను పనిచేసే పద్ధతి ఇది, మీకు వేరే పద్ధతి ఉన్నా ఇందులో ఉన్నవన్నీ దాంట్లో ఉండేలా చూసుకోండి.

ముందు మాటల్లో చెప్పడం. సినిమా ఏంటి, ఎవరు డబ్బు పెడుతున్నారు, ఎక్కడ వస్తుంది, ఇంటర్నెట్‌లోకి వెళ్తే ఇక మొత్తంగా వెనక్కి తీయడం కుదరదు, ఎవరైనా కాపీ చేసుకుంటే మన చేతిలో ఉండదు, ఇది దాచకుండా చెప్పండి. తర్వాత ఒకరోజు గడువు ఇవ్వండి. అక్కడికక్కడ సంతకం అడగొద్దు. మర్నాడు వచ్చి ఫామ్ బయటికి చదివి వినిపించండి, కళ్ళజోడు పోగొట్టుకున్నవాళ్ళు ఎంతోమంది ఉంటారు, చదవలేకపోతున్నానని చెప్పడానికి మొహమాటపడతారు. వాళ్ళకి ఒక కాపీ జిప్‌లాక్ కవర్లో పెట్టి ఇవ్వండి, లేకపోతే మొదటి వానకే పోతుంది. కాపీ మీద మీ ఫోన్ నంబర్ పెద్ద అక్షరాల్లో.

మత్తులో ఉన్నప్పుడు, అప్పుడే నిద్రలేచినప్పుడు, ఆకలితో ఉన్నప్పుడు, సామాన్లు పోగొట్టుకున్న రోజున, మనసు స్థిమితంగా లేనప్పుడు తీసుకున్న ఒప్పుకోలు చెల్లదు, చట్టం ఏం చెప్పినా మీ దగ్గర చెల్లకూడదు. నిన్న ఒప్పుకుని ఈరోజు వద్దంటే వద్దు. కారణం అడగకండి. షూటింగ్ మధ్యలో ఆపడానికి ఒక సైగ పెట్టుకోండి, చెయ్యి ఎత్తితే చాలు కెమెరా ఆగిపోవాలి, మొదటి రోజే వాళ్ళతో ఒకసారి ఊరికే చెయ్యి ఎత్తించి మీరు ఆపి చూపించండి. అది చూశాక మనిషి భుజాలు కిందికి దిగుతాయి, మీకే కనబడుతుంది.

మాట్లాడుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి, ఇబ్బందిగా ఉన్నా అడగాలి. మిమ్మల్ని వెతుకుతున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, కొట్టిన భర్త, పాత గొడవ, వారంటు? ఉంటే మొహం, గొంతు, ఏ వీధి, టెంట్ రంగు అన్నీ దాచాలి, ఫైల్లో ఉండే లొకేషన్ డేటా కూడా తీసెయ్యాలి. మీ ఇంట్లోవాళ్ళకి మీరిక్కడ ఉన్నారని తెలుసా? మీకేదైనా జరిగితే ఈ ఫుటేజ్ ఏం చెయ్యాలి, ఎవర్ని అడగాలి? ఈ చివరి ప్రశ్న అడగడానికి చాలామంది వెనకాడతారు కానీ ఫుట్‌పాత్ మీద మనుషులు చిన్న వయసుల్లోనే పోతారు, అది వాళ్ళకి మనకంటే బాగా తెలుసు, అడిగితే ఎవరూ తప్పుపట్టరు, చెల్లెలి పేరో కొడుకు ఊరో చెప్తారు.

చట్టం సంగతి త్వరగా చెప్తాను. వీధిలో కనబడేదాన్ని తీయడం మామూలుగా నేరం కాదు, కానీ కాలిఫోర్నియాలో ప్రైవేట్‌గా అనుకుని మాట్లాడుకునే మాటల్ని అందరి ఒప్పుకోలు లేకుండా రికార్డ్ చేస్తే నేరం, పీనల్ కోడ్ 632. టెంట్ లోపల, క్లినిక్‌లో, షెల్టర్‌లో అనుమతి లేకుండా అసలు వద్దు. సిటీ వీధుల్లో షూటింగ్ పర్మిట్ ఫిల్మ్‌ఎల్ఏ అనే ఆఫీసు ఇస్తుంది, స్టూడెంట్లకి రేటు వేరు, అడగండి. చిన్నపిల్లల మొహాలు తీయకండి, అమ్మ ఒప్పుకున్నా తీయకండి, ఆ పిల్ల పదేళ్ళ తర్వాత కాలేజీలో ఉంటుంది.

అయిదోది: డబ్బు

న్యూస్ వాళ్ళు డబ్బిస్తే సాక్ష్యం పాడవుతుందంటారు. కానీ డాక్యుమెంటరీలో కెమెరామన్‌కి, సౌండ్ వాళ్ళకి, ఎడిటర్‌కి అందరికీ డబ్బు ముట్టి, ఎవరి బతుకు మీద సినిమా నిలబడిందో వాళ్ళకి మాత్రం ఒక శాండ్‌విచ్ ఇచ్చి పంపడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. గంటకి ఇంత అని అందరికీ ఒకే రేటు పెట్టండి, ముందే చెప్పండి, ఏం మాట్లాడినా మాట్లాడకపోయినా, మధ్యలో ఆపేసినా సరే ఇస్తామని చెప్పండి. ఏడిస్తే ఎక్కువిస్తారు అనే అనుమానం ఎక్కడా రాకూడదు.

ఒక జాగ్రత్త ఉంది. ఎస్ఎస్ఐ అని ఆదాయం లేని వృద్ధులకీ వికలాంగులకీ ఇచ్చే ప్రభుత్వ సాయం వచ్చేవాళ్ళ దగ్గర 2,000 డాలర్ల కంటే ఎక్కువ ఆస్తి ఉండకూడదు, ఆదాయం వస్తే నెల డబ్బులో కోత పడొచ్చు. కౌంటీ ఇచ్చే జనరల్ రిలీఫ్ అయితే నెలకి 221 డాలర్లే, అది కూడా ఆగిపోతే మనిషి మునిగిపోతాడు. కాబట్టి వాళ్ళ కేస్‌వర్కర్‌నో (వాళ్ళ సాయం సంగతులు చూసే ఉద్యోగి), ఉచిత లీగల్ ఎయిడ్ వాళ్ళనో కనుక్కుని ఇవ్వండి. వీధి మధ్యలో నోట్లు లెక్కపెట్టి ఇవ్వకండి, ఆ రాత్రి వాళ్ళ దగ్గర డబ్బుందని వీధంతా తెలుస్తుంది. సినిమా అమ్ముడుపోతే వాటా ఎంతో ముందే రాసుకోండి.

ఆరోది: కెమెరా, వెలుతురు, ఆ చర్మం రంగు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంచి మనసుతో వెళ్ళినవాళ్ళు కూడా ఇక్కడ మనిషిని చీకట్లో కలిపేస్తారు. కలర్ ఫిల్మ్ రోజుల్లో ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి కోడక్ ఒక తెల్లమ్మాయి ఫొటో పంపేది, దాన్ని షర్లీ కార్డ్ అనేవాళ్ళు, ఆ అమ్మాయి చర్మం సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టు. నల్లవాళ్ళు ఫొటోల్లో కళ్ళూ పళ్ళూ తప్ప కనబడకుండా పోయేవాళ్ళు. ఆ తేడా సరిచేయమని ఒత్తిడి తెచ్చినవాళ్ళలో ఫర్నిచర్ కంపెనీలు, చాక్లెట్ కంపెనీలు కూడా ఉన్నాయి, తమ గోధుమరంగు సరుకు సరిగ్గా పడట్లేదని. మనుషుల మాట కంటే చెక్క మాట ముందు చెల్లింది.

ఇప్పటి సెన్సర్లు చాలా మెరుగు, కానీ ఆటో ఎక్స్‌పోజర్ ఇంకా మోసం చేస్తుంది. ఎండకి తెల్లగా మెరిసే కాంక్రీట్ గోడ వెనక ఉంటే కెమెరా గోడని చూసి మనిషిని నల్లటి బొమ్మ చేసేస్తుంది. మాన్యువల్‌లో పెట్టండి, మొహాన్ని బట్టి ఎక్స్‌పోజర్ చూడండి. వేవ్‌ఫామ్ (బొమ్మలో వెలుతురు ఎంతుందో 0 నుంచి 100 దాకా చూపించే గ్రాఫ్) ఉంటే ముదురు రంగు చర్మం 35 నుంచి 50 మధ్య కూర్చుంటే బాగుంటుంది, తెల్ల చర్మానికి నేర్పే 70 దగ్గరికి లాక్కెళ్తే బూడిద పూసినట్టుంటుంది. కెమెరా కొలతగా తీసుకునే మధ్య గ్రే కంటే ఒక స్టాప్ (అంటే సగం వెలుతురు) కిందికి పడటం తప్పేం కాదు, ఆ ముదురుతనమే ఆ మనిషి. కానీ ఆ ముదురులో వివరం ఉండాలి, అందుకే కుదిరితే లాగ్‌లో (వెలుగు నీడల వివరం ఎక్కువ దాచుకునే రికార్డింగ్ పద్ధతి) తీయండి, గోడ కాస్త కాలిపోయినా సరే మొహం పోగొట్టుకోకండి.

లైటు పెద్దది, మెత్తనిది, పక్కనుంచి రావాలి. షాపు ముందు రేకు నీడలో కూర్చోబెట్టి బయట ఆకాశం వైపు మొహం ఉండేలా తిప్పితే అంతకంటే మంచి లైటు లేదు, ఇంకో పక్క ఒక తెల్ల ఫోమ్ బోర్డు. చర్మం మీద మెరుపు కనబడితే పౌడర్ కొట్టి చంపకండి, ముదురు చర్మం మీద ఆ మెరుపే చెక్కిలి, నుదురు, ముక్కు ఆకారం చెప్తుంది. వేర్వేరు రంగు చర్మం ఉన్న ఇద్దరు ఒకే ఫ్రేములో ఉంటే ముదురు రంగు మనిషిని లైటుకి దగ్గరగా కూర్చోబెట్టండి. రాత్రిపూట అయితే తక్కువ వెలుతుర్లోనూ పనిచేసే ఎఫ్ 1.8 లాంటి లెన్స్ పెట్టుకుని చిన్న ఎల్ఈడీని తెల్ల కార్డు మీద కొట్టి వాడండి, నేరుగా కళ్ళలో కొడితే పోలీస్ టార్చ్‌లా ఉంటుంది, ఆ టార్చ్ వాళ్ళు రోజూ చూస్తారు.

లెన్స్ 35 లేదా 50 మిల్లీమీటర్లు, అంటే దగ్గరికెళ్తేనే మొహం పడే లెన్స్. రోడ్డుకి అవతల నిలబడి 200 లెన్స్‌తో లాక్కుంటే అది నిఘా. డ్రోన్ ఎగరెయ్యకండి. వాళ్ళు పాల డబ్బా మీద కూర్చుంటే మీరు ఇంకో డబ్బా మీద కూర్చోండి, కెమెరా వాళ్ళ కళ్ళ ఎత్తులో ఉండాలి, పైనుంచి కిందికి చూసే షాట్ ఒక్కటి కూడా వద్దు.

ఏం తీయాలి అంటే ఒకటి చెప్తాను. శాన్ జూలియన్ స్ట్రీట్ వైపు ఒక పెద్దావిడ తెల్లారగానే టెంట్ ముందు ఫుట్‌పాత్ ఊడ్చుకునేది. చీపురు కర్ర సగం విరిగితే టేపు చుట్టింది. గోడ వైపు నుంచి మొదలుపెట్టి రోడ్డు అంచు దాకా, చివర్లో సీసాలో నీళ్ళు కొంచెం కొంచెంగా చల్లి మళ్ళీ ఒకసారి. తర్వాత లోపల్నుంచి ఒక జిప్‌లాక్ కవర్ తీసి చూసుకునేది, బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ కార్డ్, ఒక స్కూల్ ఫొటో, మూడూ ఉన్నాయని వేలితో తడిమి మళ్ళీ జాకెట్ లోపలి జేబులో. టెంట్లు తీయించే సిటీ క్లీనింగ్ వాళ్ళు వచ్చినప్పుడు టెంట్ పోయినా పర్లేదు ఇవి పోకూడదని. ఊడ్చేది తీయొచ్చంది, కవర్ మాత్రం వద్దంది, మేం తీయలేదు. ఆ ఊడ్చే షాట్ నిమిషంపైనే కదపకుండా ఉంచాం, చీపురు చప్పుడు తప్ప ఏమీ లేకుండా. ఒక మనిషి తన వాకిలి ఎలా చూసుకుంటుందో మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు, దానికి వాయిస్ ఓవర్ అక్కర్లేదు.

అలాంటివి వెతకండి. మెట్ల మీద కూర్చుని ఒకరి జడలు ఒకరు అల్లుకోవడం, బ్యాటరీకి ట్రిమ్మర్ తగిలించి ఫుట్‌పాత్ మీదే హెయిర్‌కట్ చేసే మనిషి, డొమినోలు. సిరంజిలు, చెత్త, వంగిపోయిన మనుషులు అందరికీ ఇప్పటికే బోలెడు కనబడ్డారు.

సౌండ్‌కి మాత్రం కాలర్ మైక్ తప్పనిసరి, బస్సులు, సైరన్లు, కార్ట్ చక్రాల చప్పుడులో బూమ్ (కర్రకి కట్టి పట్టుకునే మైక్) ఒక్కటే చాలదు. మైక్ వాళ్ళ చేతికిచ్చి వాళ్ళనే పెట్టుకోనివ్వండి, చొక్కా మీద చెయ్యి వెయ్యకండి.

ఏడోది: మాట్లాడటం

"మీరు ఇక్కడికి ఎలా వచ్చారు" అని మొదలుపెట్టకండి. పోలీసు అడిగాడు, నర్సు అడిగింది, కేస్‌వర్కర్ అడిగాడు, వాళ్ళ దగ్గర దానికో రెడీ జవాబు ఉంటుంది, సగం మందికి ఆ జవాబు చెప్తేనే బెడ్ దొరికింది. మీ వీధి ఏది, ఏ హైస్కూల్, ఇంట్లో ఆదివారం ఏం వండేవాళ్ళు, చర్చిలో ఎవరు పాడేవాళ్ళు, ఇలా అడగండి. మీ అమ్మమ్మ ఇల్లు ఏమైంది అని అడిగితే చాలాసార్లు మొత్తం చరిత్ర వాళ్ళే చెప్తారు, మనం ముందు చదివిన కోర్టు తీర్పులన్నీ ఒక ఇంటి కథలో దొరుకుతాయి.

వాళ్ళని బాధ చెప్పడానికి, ప్రొఫెసర్‌ని కారణం చెప్పడానికి పెట్టుకోకండి. ఈ పద్ధతిలో ఎప్పుడూ ఏడ్చేది నల్లవాళ్ళు, వివరించేది తెల్లవాళ్ళు. షెల్టర్ రూల్స్ ఎందుకు పనిచేయవో, హౌసింగ్ వోచర్ (అద్దెలో ప్రభుత్వం సాయం చేస్తుందనే కాగితం) చేతిలో ఉన్నా ఇల్లు ఎందుకు దొరకదో అక్కడ పదేళ్ళు ఉన్న మనిషికి తెలిసినంత ఎవరికీ తెలీదు, ఆ ప్రశ్నలు వాళ్ళనే అడగండి.

ఏడుపు వస్తే జూమ్ చెయ్యకండి. కెమెరా పక్కకి తిప్పి నీళ్ళు ఇవ్వండి, ఆపుదామా అని అడగండి. కొనసాగిద్దాం అని వాళ్ళంటే కొనసాగండి, తర్వాత కనీసం ఒక అరగంట కెమెరా లేకుండా పక్కనే ఉండండి. గాయం రేపి బ్యాగు సర్దుకుని వెళ్ళిపోవడం కంటే తీయకపోవడం నయం.

ఎనిమిదోది: కెమెరా దించాల్సినప్పుడు, దించకూడనప్పుడు

హెరాయిన్, ఫెంటానిల్ లాంటి మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్న మనిషిని తేర్చే నాలోక్సోన్ ముక్కు స్ప్రే మీ కెమెరా బ్యాగులో బ్యాటరీలతో పాటు ఉండాల్సిందే. 2023 మార్చిలో ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చింది, ఫార్మసీలో దొరుకుతుంది. మనిషి ఎంత కదిపినా లేవకపోతే, ఊపిరి బాగా నెమ్మదిగా ఉంటే లేదా లేకపోతే, పెదాలు గోళ్ళు రంగు మారితే, ముదురు చర్మం మీద అది నీలంగా కాకుండా బూడిదరంగులో కనబడొచ్చు, వెంటనే 911కి ఫోన్ చేసి ముక్కులో ఒక స్ప్రే కొట్టండి, రెండు మూడు నిమిషాల్లో తేలకపోతే రెండోది, ఊపిరి తీసుకుంటుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ వచ్చేదాకా ఉండండి. ఇంత జరుగుతుంటే టీమ్‌లో ఒక్కరు కూడా రికార్డ్ చేయకూడదు. రికార్డయిపోయినా తుడిచెయ్యండి.

పోలీసులు వచ్చినప్పుడు మాత్రం నా అభిప్రాయం ఉల్టా. దూరంగా, అడ్డురాకుండా, చేతులు కనబడేలా నిలబడి తీయండి, డ్యూటీలో ఉన్న పోలీసుల్ని పబ్లిక్‌గా రికార్డ్ చేసే హక్కు ఉంది, ఆ సమయంలో మీ కెమెరా ఆ మనిషికి రక్షణ. అయితే ఇలాంటప్పుడు తీయాలా వద్దా అని ముందే వాళ్ళని అడిగి ఉంచుకోండి.

సిటీ వాళ్ళు టెంట్లు తీయించే రోజుల సంగతి కూడా ముందే టీమ్‌తో తేల్చుకోవాలి. 2024 జూన్ 28న గ్రాంట్స్ పాస్ కేసులో సుప్రీంకోర్టు, షెల్టర్ లేకపోయినా సరే బయట పడుకున్నవాళ్ళకి ఫైన్ వేసే, అరెస్టు చేసే అధికారం ఊళ్ళకి ఉందని చెప్పింది కాబట్టి ఇవి ఇంకా కఠినంగా జరిగే అవకాశం ఉంది. ఒకరు తీయండి, మిగతావాళ్ళు సామాన్లు మోయండి. ఎవరి మందులు, ఎవరి కాగితాలు ట్రక్కులోకి వెళ్ళాయో తారీఖు, టైముతో రాసుకుని ఆ ఫుటేజ్ కాపీ వాళ్ళకీ వాళ్ళ లాయర్లకీ అడిగితే ఇచ్చెయ్యండి.

ఆ తర్వాత మనుషులు కనబడకుండా పోతారు, ఫోన్లు పోతాయి. అందుకే ముందే ప్రతి ఒక్కరి దగ్గర ఇంకో ఇద్దరి పేర్లు తీసుకోండి, మీరు దొరక్కపోతే ఎవరిని అడగాలి అని.

తొమ్మిదోది: ఎడిటింగ్ టేబుల్

జాలి పుట్టించే మాయలన్నీ ఇక్కడే జరుగుతాయి. రంగు పీకేసి నీలం బూడిద చెయ్యడం, స్లో మోషన్, వెనక పియానో, నల్లజాతి మనిషి తెర మీదికి రాగానే బ్లూస్ గిటార్. ఏవీ వద్దు. లాస్ ఏంజెలెస్ వెలుతురు బంగారంలా ఉంటుంది, ఫుట్‌పాత్ మీద కూడా అంతే ఉంటుంది, అలాగే ఉంచండి. సినిమాటీమ్ వచ్చి ఒకరిని రక్షించినట్టు కథ కట్టకండి. చివర్లో అపార్ట్‌మెంట్ తాళాలు చేతికొచ్చే సీన్ దొరికితే పెట్టండి కానీ దానికోసమే ఒక మనిషిని ఎంచుకోకండి, తాళాలు రాని తొంభై మంది వాళ్ళ తప్పు వల్ల రాలేదన్నట్టు అయిపోతుంది.

నల్లజాతి మనిషి మాట్లాడే ఇంగ్లీష్‌కి మాత్రమే కింద సబ్‌టైటిల్స్ వేసి మిగతావాళ్ళకి వెయ్యకపోవడం అవమానం, వేస్తే అందరికీ వెయ్యండి. తెలుగులో వాయిస్ ఓవర్ చేస్తుంటే "వీడు", "ఇది" అని దొర్లిపోతాయి, మన వ్లాగుల్లో నాకు చెవిలో ముల్లులా గుచ్చుకునేది అదే. ఆయన, ఆవిడ, అంతే.

రఫ్ కట్ (సినిమా మొదటి ముతక కూర్పు) అయ్యాక ఒక్కొక్కరికి విడిగా చూపించండి, హడావిడి లేని చోట. ఫిఫ్త్ స్ట్రీట్‌లో సెంట్రల్ లైబ్రరీ ఉంది, నడిచే దూరం, ఒక ల్యాప్‌టాప్, రెండు హెడ్‌ఫోన్లు చాలు. వాళ్ళ భద్రతకి, పరువుకి, ఇంట్లోవాళ్ళకి సంబంధించి ఏది తీసెయ్యమన్నా తీసెయ్యండి, ఎంత మంచి సీన్ అయినా. చాలామంది ఎడిటర్లు ఇది ఒప్పుకోరు, సినిమా మీద పట్టు పోతుందంటారు. నేను పనిచేసినవాటిల్లో తీసెయ్యమని అడిగినవాటికంటే "ఇది కూడా పెట్టండి" అని అడిగినవే ఎక్కువ, ఒకాయన తను ఆర్మీలో ఉన్న సంగతి రాలేదని చెప్పి మళ్ళీ కూర్చుని మాట్లాడాడు, సినిమాలో అదే అన్నిటికంటే బలమైన భాగమైంది.

పదోది: బయటికి వదిలాక

మొదటి షో ఫెస్టివల్‌లో కాకుండా స్కిడ్ రోలోనే పెట్టండి. కుర్చీలు, భోజనం, బ్యాగులూ కార్టులూ పెట్టుకోవడానికి కాపలా ఉన్న చోటు, కుక్కల్ని రానివ్వడం, ఇవి లేకపోతే ఎవరూ రాలేరు, సామాను వదిలేసి రెండు గంటలు కూర్చుంటే తిరిగొచ్చేసరికి ఉండదు. ఫెస్టివల్స్‌కి వాళ్ళని పిలిస్తే హోటల్, బస్సు, బట్టలు ఖర్చు బడ్జెట్‌లో ముందే పెట్టండి, ప్రశ్నల టైంలో స్టేజీ మీద మీ పక్కన వాళ్ళకీ కుర్చీ, వచ్చే డబ్బులో వాళ్ళకీ భాగం.

థంబ్‌నెయిల్ మీద ఎవరి మొహమూ వాళ్ళని అడక్కుండా వాడకండి, ఎందుకంటే సినిమా చూడని లక్షమంది ఆ ఒక్క బొమ్మే చూస్తారు. ట్రైలర్‌కి వేరే ఒప్పుకోలు తీసుకోండి. ఆన్‌లైన్‌లో పెడితే కామెంట్లు మూసెయ్యండి లేదా రోజూ ఎవరో ఒకరు చదివి జాతి మీద పడే చెత్త తుడిచెయ్యాలి, ఇంగ్లీష్‌లోనే కాదు మన తెలుగు కామెంట్లూ చూడాలి.

కాపీ మీద రాసిన ఆ ఫోన్ నంబర్ మార్చకండి. ఒకరోజు ఎవరో ఫోన్ చేసి నాకు ఇల్లు దొరికింది, సెక్యూరిటీ గార్డ్ ఉద్యోగానికి అప్లై చేస్తున్నాను, పేరు కొడితే మీ క్లిప్ వస్తోంది అంటారు. ఆరోజు క్లిప్ దించేసి, మాస్టర్ ఫైల్లో మొహం కప్పి కొత్త కాపీ ఎక్కించి, పాతది ఎక్కడెక్కడ ఉందో ఫెస్టివల్స్‌కి, స్ట్రీమింగ్ వాళ్ళకి మెయిల్ పెట్టండి. అందుకోసం ప్రాజెక్ట్ ఫైల్స్, ఒరిజినల్ ఫుటేజ్ రెండు హార్డ్ డిస్కుల్లో లాక్ పెట్టి ఉంచుకోవాలి, స్ట్రీమింగ్ వాళ్ళతో అగ్రిమెంట్ రాసుకునేటప్పుడే మార్చిన కాపీ ఎప్పుడైనా పెట్టుకునే హక్కు మనకి ఉండేలా ఒక లైను రాయించుకోవాలి, సంతకం చేశాక అడిగితే ఇవ్వరు.